కాన్పు తర్వాత కటి కీళ్ళ నొప్పికి బెల్టు: ఏది కొనాలి, ఎక్కడ కట్టాలి

ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఎక్కడి మెడికల్ షాపుకు వెళ్ళి "డెలివరీ బెల్టు ఇవ్వండి" అని అడిగినా చేతికొచ్చేది జానెడు వెడల్పున్న పొట్ట బెల్టే. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా అంతే. సిజేరియన్ అయిన మొదటి రోజుల్లో లేచి నిలబడుతుంటే, దగ్గుతుంటే అది కుట్లకు ఆసరాగా ఉంటుంది. ఆ పనికి మంచి వస్తువే. అయితే చాలామంది బాలింతలు దాన్ని కొనేది వేరే నొప్పికి. మంచం మీద పక్కకు తిరిగితే పిరుదు పైభాగంలో పోటు, ఒంటికాలి మీద నిలబడి లంగా తొడుక్కోలేకపోవడం, షేర్ ఆటో ఎక్కబోతే తొడల మధ్య ముందెముక దగ్గర పట్టేయడం. ఈ నొప్పి కటి కీళ్ళది. పొట్ట బెల్టు ఎంత బిగించినా ఆ కీళ్ళకు ఆసరా అందదు. దానికి కావలసింది సన్నటి తుంటి బెల్టు. షాపుల్లో దాన్ని పెల్విక్ బెల్టు అనో, సేక్రో ఇలియాక్ బెల్టు అనో, ఎస్.ఐ. బెల్టు అనో అడగాలి.

ఈ రెండు బెల్టులకూ తేడా తెలియాలంటే కీళ్ళు ఎక్కడున్నాయో తెలియాలి. వెనక నడుము కింద, రెండు పక్కలా చిన్న గుంటలు కనిపించే చోట, త్రికాస్థికీ (వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక) తుంటి ఎముకలకూ మధ్య రెండు కీళ్ళుంటాయి. ముందు, పొత్తికడుపు కిందికొసన, రెండు తుంటి ఎముకలు ఒక మృదులాస్థి దిమ్మతో కలిసేది మూడో కీలు. మామూలు రోజుల్లో ఆ ముందు కీలు సందు 4–5 మిల్లీమీటర్లు. గర్భంలో ఇంకో 2–3 మిల్లీమీటర్లు పెరగడం సహజం. 10 మిల్లీమీటర్లు దాటితే కీలు విడిపోయినట్టు లెక్క. ప్రతి 5 మంది గర్భిణుల్లో సుమారు ఒకరికి ఈ కటి నొప్పి ఏదో ఒక స్థాయిలో వస్తుంది. కాన్పయ్యాక చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొద్దిమందికి మాత్రం మిగిలిపోతుంది. గర్భంలో హార్మోన్ల వల్ల, కీళ్ళ దగ్గర ఎముకలను కలిపి పట్టే స్నాయువులు వదులవుతాయి. ఆ వదులును కండరాలు సమయానికి బిగుసుకుని సర్దుకోలేకపోయినప్పుడు, ఒక కాలి మీద బరువు పడ్డ ప్రతిసారీ కీలు కొంచెం కదిలి నొప్పి పుడుతుంది. తుంటి బెల్టు చేసేది ఒకటే: రెండు తుంటి ఎముకలను పక్కల నుంచి లోపలికి నొక్కి పట్టుకోవడం.

డబ్బు పెట్టేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ చాపి, మోకాలు వంచకుండా ఒక కాలిని మడమ దగ్గర సుమారు 20 సెంటీమీటర్లు పైకెత్తాలి. తర్వాత రెండోది. ఒక కాలు సీసం కట్టినంత బరువుగా ఉండటమో, కటి దగ్గర నొప్పి రావడమో గమనించండి. ఇప్పుడు ఇంట్లో అమ్మో, అత్తో, వదినో రెండు అరచేతులతో తుంట్లను పక్కల నుంచి లోపలికి నొక్కి పట్టుకుంటే అదే కాలు మళ్ళీ ఎత్తండి. ఈసారి తేలికగా లేస్తే బెల్టు మీకు పనికొచ్చే అవకాశం బాగా ఉంది. నొక్కినా తేడా లేకపోతే, ఇంకా నొప్పెక్కువైతే, కొనకండి. ఆ నొప్పి నడుము డిస్కుదో, తుంటి కీలుదో, మరొకటో కావచ్చు. ఫిజియోథెరపిస్టు చేత చూపించుకున్నాకే కొనాలా వద్దా అన్నది తేలుతుంది.

ఇంకో నమూనా పరీక్ష కూడా ఉంది, అది పూర్తిగా ఉచితం. నూలు చున్నీనో పాత చీర ముక్కనో నాలుగు వేళ్ళ వెడల్పు వచ్చేలా పొరలుగా మడిచి, తుంట్ల చుట్టూ గట్టిగా తిప్పి పక్కన ముడెయ్యండి. ముడి ఎముక మీద పడకూడదు. పది అడుగులు నడిచి, ఒక మెట్టెక్కి చూడండి. నడక తేలికైతే బెల్టు తెచ్చుకోవడానికి అదే సమాధానం. మన వైపు పెద్దవాళ్ళు కట్టే నడికట్టు కూడా గుడ్డతోనే గదా అంటారు. నిజమే, కానీ నడికట్టు పొట్ట చుట్టూ కడతారు, పైగా పొట్ట లోపలికి పోవాలని ఊపిరాడనంతగా బిగిస్తారు. లోపలి ఒత్తిడి అంతా కిందికి, అప్పుడే కాన్పు భారం మోసిన కటి కింది కండరాల మీద పడుతుంది. దగ్గితే మూత్రం చుక్కలు పడుతున్నా, కింద ఏదో దిగుతున్నట్టు అనిపిస్తున్నా పొట్ట కట్టు వెంటనే వదులు చెయ్యాలి. అదే గుడ్డ ఒక జానెడు కిందికి, తుంటి ఎముకల మీదికి దించితే చాలావరకు తుంటి బెల్టు పని చేస్తుంది. అయితే నూలు గుడ్డ గంటకల్లా సాగి వదులవుతుంది. బెల్టు కొనడానికి అసలు కారణం ఇదే.

షాపులో కనిపించేవి నాలుగు రకాలు. పొట్ట బెల్టు సంగతి చెప్పుకున్నాం. రెండోది వెనక స్టీలు పట్టీలో ప్లాస్టిక్ పట్టీలో ఉన్న వెడల్పాటి నడుము బెల్టు. ఇది వెన్నుపూసల నొప్పికి ఉద్దేశించింది. కటి కీళ్ళకు దీనితో ఒరిగేదేమీ లేదు, పాలివ్వడానికి కూర్చుంటే పై అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. షాపువాళ్ళు ఎస్.ఐ. బెల్టు లేనప్పుడు దీన్ని చేతిలో పెట్టి "ఇదీ అదే" అంటారు. తీసుకోవద్దు. మూడోది 5–8 సెంటీమీటర్ల వెడల్పున్న, సాగని నేత పట్టీ. ముందు వెల్‌క్రో ఉంటుంది. నాలుగోది అదే పట్టీకి వెనక నుంచి రెండు పక్కలా సాగే పట్టీలు కుట్టినది. మొదట అసలు పట్టీని మామూలుగా మూసి, తర్వాత పక్క పట్టీలను రెండు చేతులతో ముందుకు లాగి అతికించాలి.

మా ఓటు నాలుగో రకానికి. మూడో రకంలో బిగువు ఒక్కసారి కుదిరితే ఆ స్థితికే సరిపోతుంది. కూర్చోగానే తుంటి చుట్టుకొలత మారి బిగుసుకుంటుంది, నిలబడగానే వదులవుతుంది. పక్క పట్టీలుంటే కూర్చునే ముందు ఒక వేలు సడలించి, లేచాక మళ్ళీ లాగుకోవచ్చు. చంటిబిడ్డ ఏడుస్తుంటే బెల్టంతా విప్పి కట్టుకునే తీరిక ఉండదు కదా. మొత్తం బెల్టే రబ్బరులా సాగేదైతే మాత్రం వద్దు. చేత్తో లాగితే వెడల్పు సన్నబడి పొడుగు సాగేది రెండు వారాల్లో చచ్చుబడిపోతుంది. వెడల్పు 8 సెంటీమీటర్లు దాటినా వద్దు, కూర్చున్నప్పుడు కింది అంచు గజ్జల్లో కోసుకుంటుంది.

సైజు దగ్గర జరిగే పొరపాటే పెద్దది. పెట్టె మీద ఉన్న అంగుళాలను నడుము కొలతనుకుని కొంటారు. కొలవాల్సింది తుంట్లను. నిలబడి, పక్కల చేతికి తగిలే తుంటి ఎముక ఉబ్బు మీదుగా, పిరుదుల చుట్టూ టేపు తిప్పాలి. చీర మీదుగా కొలవకండి, కుచ్చిళ్ళ మందమే కొలతలో కలుస్తుంది. మీ కొలత రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి. కాన్పయిన తర్వాత వారం వారం వాపు తగ్గి చుట్టుకొలత దిగుతుంది, పెద్ద సైజు నెలకల్లా వెల్‌క్రో చివరికి చేరి పనికిరాకుండా పోతుంది. కట్టినప్పుడు వెల్‌క్రో కనీసం మూడు వేళ్ళ మేర ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

ధర వస్త్రాన్ని బట్టి, కంపెనీని బట్టి కొన్ని వందల రూపాయల నుంచి మొదలవుతుంది. ఖరీదు పెరిగే కొద్దీ నొప్పి ఎక్కువ తగ్గుతుందనేం లేదు. వెడల్పు, సాగకపోవడం, లోపలి గుడ్డ, ఈ మూడు చూసుకుంటే చాలు. చిన్న ఊళ్ళలో స్టాకు ఉండకపోవచ్చు. బరంపురంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి చుట్టుపక్కలా, శ్రీకాకుళంలో పెద్దాసుపత్రి దగ్గరా ఉండే సర్జికల్ షాపుల్లో అడగండి. బాలింత వెళ్ళనక్కర్లేదు. కొలత కాగితం మీద రాసి భర్తకో తమ్ముడికో ఇచ్చి పంపితే సరిపోతుంది. కాగితం మీద "పెల్విక్ బెల్టు, తుంటి కొలత ఇంత, వెడల్పు మూడు అంగుళాల లోపు" అని రాయండి. ఒంటికి తగిలిన బెల్టును వెనక్కి తీసుకోరు కాబట్టి సైజు మార్పు సంగతి కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోవడం మేలు.

కట్టే తీరు. మొదటిసారి పడుకునే కట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పిరుదుల కింద నుంచి బెల్టు దూర్చండి. ముందు వైపు రెండు పక్కలా పొడుచుకొచ్చినట్టు చేతికి తగిలే తుంటి ఎముక కొనలుంటాయి. బెల్టు పై అంచు సరిగ్గా వాటి కిందికి రావాలి, వెనక ఆ రెండు గుంటల మీదుగా పోవాలి. వెనక కీళ్ళ నొప్పికి ఈ ఎత్తే మంచిదని కొలతలతో చేసిన పరిశోధనల్లో తేలింది. నొప్పి ముఖ్యంగా ముందెముక దగ్గరుంటే ఇంకొంచెం కిందికి, పక్కన తుంటి ఉబ్బు ఎత్తుకు దించి చూడండి. ఏ ఎత్తులో కాలు తేలికగా లేస్తే అదే మీ చోటు. ఊపిరి వదులుతూ మూసి, పక్క పట్టీలు లాగండి. తర్వాత పక్కకు ఒత్తిగిలి, చేతి ఊతతో లేవండి.

బిగువు గురించి గట్టిగా చెప్పాలి. 50 న్యూటన్ల బిగువుతో, 100 న్యూటన్ల బిగువుతో కట్టి కీలు వదులును కొలిచి చూసినప్పుడు రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 50 న్యూటన్లు అంటే 5 కిలోల బరువు లాగేంత. బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. తొడ బయటి పక్క తిమ్మిరో మంటో మొదలైతే తుంటి కొన దగ్గర చర్మపు నరం నలుగుతోందని అర్థం, వెంటనే వదులు చెయ్యండి. గట్టిగా బిగిస్తే త్వరగా తగ్గుతుందని అత్తగారు పట్టీ లాగబోతే ఆ రెండు వేళ్ళ లెక్క చూపించండి.

సిజేరియన్ వాళ్ళకు ఒక ఇబ్బంది. అడ్డకోత ముందెముకకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉంటుంది. బెల్టు పై ఎత్తులో కడితే ముందు భాగం సరిగ్గా కుట్ల మీదికి వస్తుంది. గాయం ఆరే వరకు కింది ఎత్తులోనే, తుంటి ఉబ్బుల మీదుగా కట్టండి, వెల్‌క్రో ముందు మధ్యలో కాకుండా ఒక పక్కకు వచ్చేలా తిప్పండి. కుట్ల దగ్గర ఎరుపు, చెమ్మ, చీము ఉంటే బెల్టు పక్కన పెట్టి ఆసుపత్రిలో చూపించాలి. లంగా బొందు ముడి బెల్టు కింద పడితే గంటలో పుండు పడుతుంది, ముడి పైకి కట్టుకోండి.

బెల్టు నేరుగా చర్మం మీద వద్దు, నైటీ మీద కూడా వద్దు. నైటీ గుడ్డ ముడతలు పడి ఒరుస్తుంది, బెల్టు జారి నడుము మీదికి ఎక్కుతుంది. పల్చటి నూలు షార్టు మీద కట్టి, పైన నైటీ వేసుకుంటే కదలదు. ఉద్దానం వైపు, గంజాం తీరం వైపు ఉక్కలో నియోప్రీన్ (రబ్బరు లాంటి మందపు గుడ్డ) బెల్టు రెండు గంటలు భరించడమే కష్టం, చెమటకాయలు పేలతాయి. జల్లి గుడ్డ లోపలి పొరగా ఉన్నది చూడండి. ఉతికేటప్పుడు వెల్‌క్రో మూసి, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బుతో చేత్తోనే పిండకుండా జాడించి నీడన ఆరెయ్యాలి. ఎండలో వేస్తే సాగే పట్టీ పెళుసెక్కుతుంది. వెల్‌క్రో పట్టు వదిలేస్తోందంటే ఎక్కువసార్లు అది పాడైపోయి కాదు, కొక్కేల్లో నూలు పోగులు నిండి. పాత టూత్‌బ్రష్షుతో, పిన్నీసుతో పోగులు తీస్తే మళ్ళీ పట్టుకుంటుంది.

ఎంతసేపు కట్టాలి? నిలబడి, నడిచి, పనిచేసేటప్పుడు మాత్రమే. ఏకబిగిన రెండు గంటలకు మించకుండా విప్పి, కాసేపు ఒంటికి గాలి తగలనివ్వాలి. పడుకునేటప్పుడు తియ్యాలి. దొడ్లో గొంతుకూర్చునేటప్పుడు విప్పాలి, లేకపోతే గజ్జల్లో కోస్తుంది. రెండు మూడు వారాల్లో ఇంట్లో తిరిగేటప్పుడు మానేసి, బయట నడకకు మాత్రం ఉంచుకుని, మెల్లగా వదిలించుకోవాలి. కటి నొప్పి మీద 2008లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు కూడా బెల్టును కొద్దికాలం వాడుకోవచ్చనీ, బెల్టు ఒక్కదాని మీదే ఆధారపడొద్దనీ అన్నాయి.

బెల్టు కొని వ్యాయామం మానేసేవాళ్ళే ఎక్కువ, అందుకే దీని మీద కాస్త ఆగుదాం. నార్వేలో కటి నొప్పి తగ్గని 81 మంది బాలింతలతో చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ఒక బృందానికి మామూలు ఫిజియోథెరపీతోపాటు కటిని నిలబెట్టే కండరాలకు, ఒక్కొక్కరికీ తగినట్టు, 20 వారాలు ప్రత్యేక వ్యాయామాలు చేయించారు. వాళ్ళకు నొప్పీ ఇబ్బందీ రెండో బృందం కంటే బాగా తగ్గాయి, ఆ తేడా రెండేళ్ళ తర్వాత కూడా నిలిచింది. ఇంట్లో మొదలుపెట్టదగ్గది ఇది: పడుకుని మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను లోపలికి లాగాలి, దానితోపాటే బొడ్డు కింది పొట్టను మెల్లగా వెన్ను వైపు. 5 సెకన్లు పట్టి 10 సెకన్లు వదలాలి, 10 సార్లు, రోజుకు మూడు పూటలు. పిరుదులు బిగించినా ఊపిరి బిగబట్టినా పని తప్పు కండరానికి పోతుంది. బొడ్డు కింద వేళ్ళు పెట్టి చూస్తే సరిగ్గా చేసినప్పుడు అక్కడ సన్నటి బిగువు తెలుస్తుంది, పొట్ట పైకి ఉబికితే తప్పు చేస్తున్నట్టు. రెండోది, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి సగం బలంతో 5 సెకన్లు నొక్కడం, 10 సార్లు. ముందెముక నొప్పి పెడితే బలం ఇంకా తగ్గించాలి. నడుము పైకెత్తే వ్యాయామం ఇవి రెండూ నొప్పి లేకుండా కుదిరాకే. సిజేరియన్ అయితే ఆరు వారాలు గడిచి డాక్టరు సరేనన్నాకే. పొట్ట తగ్గాలని లేచి కూర్చునే కసరత్తులు, కాళ్ళు బార్లా చాపే ఆసనాలు ఈ దశలో చెయ్యకండి.

రోజువారీ పనుల్లో బెల్టు కాపాడలేనివి కొన్ని. మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు మోకాళ్ళు రెండూ కలిపి, మధ్యలో దిండు నొక్కి, భుజాలూ తుంట్లూ ఒకేసారి తిప్పాలి. కుంగిన నులక మంచం ఈ నొప్పికి శత్రువు, బల్ల మీద పరుపు వేసి పడుకోబెట్టండి. లంగా, షార్టు కూర్చునే తొడుక్కోవాలి. ఆటోలో ముందు పిరుదులు సీటు మీద ఆనించి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, ఒక్కో మెట్టుకూ రెండు కాళ్ళూ కలపాలి. కత్తిపీట ముందు ఒక మోకాలు పైకి, ఒకటి పక్కకు పెట్టి కూర్చోవడం, పలాస వైపు జీడిపప్పు వొలిచే ఆడవాళ్ళు గంటలకొద్దీ కింద కూర్చోవడం వెనక కీలును మెలిపెడతాయి. మూడు నాలుగు నెలలైనా స్టూలు మీద, రెండు పాదాలూ నేలకానించి పని చెయ్యాలి. బిడ్డనైనా బిందెనైనా ఒకే చంకన వెయ్యొద్దు, బిడ్డను గుండెకు హత్తుకుని ఎత్తుకోండి. బాలింత స్నానంలో నడుము మీద వేడినీళ్ళు పోయడం, తుంట్లు పక్కల నుంచి నొక్కడం హాయిగానే ఉంటాయి. కాళ్ళు ఎడంగా లాగి విరిచే మర్దన మాత్రం చెయ్యనివ్వకండి.

బెల్టు జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: జ్వరం, చలితో పాటు ఒక పక్క కటి నొప్పి, కంపు కొట్టే మైల, కాన్పులో టప్పున శబ్దమై ఆ తర్వాత కాలు మోపలేకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, తొడల లోపలి పక్క మొద్దుబారి మూత్రం, మలం మీద అదుపు పోవడం. ఈ చివరిదానికి ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకూడదు. మూడు నెలలు దాటినా నొప్పి తగ్గకపోతే, తొడలు, పక్కటెముకలు కూడా నొస్తుంటే, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు అడగండి. విటమిన్ డి లోపంతో మెత్తబడ్డ ఎముకల నొప్పి ఇదే నొప్పిలా కనిపిస్తుంది, దానికి మందు వేరు.

ఇంట్లో అక్క వాడిన పాత బెల్టు ఉంటే వాడుకోవచ్చా అని అడుగుతుంటారు. సాగే పట్టీని లాగి వదలండి, వెంటనే మునుపటి పొడుగుకు వస్తే, వెల్‌క్రో పట్టుంటే, మీ తుంటి కొలత దానికి సరిపోతే, ఉతికి వాడుకోండి. ఆ మూడింట్లో ఒకటి తప్పినా చున్నీ మడత దానికంటే నయం.